చిప్పు భాష ఎవరి సొత్తు? ఆర్మ్ నుంచి రిస్క్-ఫైవ్ దాకా

మీలో చాలామంది ఈ ఎపిసోడ్ ఫోన్‌లోనే చూస్తుంటారు. ఆ ఫోన్ కొన్నప్పుడు మీరు కట్టిన డబ్బులో ఒక చిన్న ముక్క ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ అనే ఊళ్లో ఉన్న ఒక కంపెనీకి వెళ్లింది. ఆ కంపెనీ మీ ఫోన్ తయారు చెయ్యలేదు. అందులో ఉన్న చిప్పు కూడా తయారు చెయ్యలేదు. మరి డబ్బు దేనికి తీసుకుంది? ఆ చిప్పు మాట్లాడే భాష ఆ కంపెనీది కాబట్టి. కంపెనీ పేరు ఆర్మ్.

ఇవాళ ఆ భాష గురించే మాట్లాడుకుందాం. చిప్పు భాషకి ఓనర్ ఉండొచ్చా? ఉంటే ఏమవుతుంది? ఓనర్ లేని భాష ఒకటి ఎలా పుట్టింది? మన దేశానికి దాంతో పనేంటి?

ముందు చిన్న బేసిక్. ప్రాసెసర్‌కి నిజానికి తెలిసినవి చాలా చిన్న పనులు. ఈ రెండు అంకెలు కూడు, మెమొరీ నుంచి ఆ విలువ తీసుకురా, ఇవి రెండూ సమానమైతే ఫలానా చోటికి దూకు. అంతే. ఒక్కో పనికీ ఒక్కో కోడ్ ఉంటుంది. ఏ కోడ్‌కి ఏ పని అని రాసిపెట్టిన పట్టికనే ఇన్‌స్ట్రక్షన్ సెట్ అంటారు. మీరు జావాలో రాసినా, సీలో రాసినా, చివరికి అది ఈ కోడ్‌లలోకి మారాల్సిందే. పాత విండోస్ కంప్యూటర్ కోసం చేసిన ప్రోగ్రామ్ మీ ఫోన్‌లో నేరుగా నడవకపోవడానికి ఒక కారణం ఇదే. దాని భాష వేరు, ఫోన్ చిప్పు భాష వేరు.

దీన్ని తెలుగుతో పోల్చి చూడండి. 'అ ఆ ఇ ఈ' ఎవరివీ కావు. ఆ అక్షరాలతో రాసిన పుస్తకం మాత్రం రచయితది. పుస్తకం కాపీ కొడితే తప్పు. అక్షరాలు వాడితే తప్పు కాదు. అక్షరాలకే ఓనర్ ఉంటే? ఇంట్లో శుభలేఖ వేయించాలన్నా ముందు ఎవరికో డబ్బు కట్టాలి. నాలుగు అక్షరాలు పర్మిషన్ లేకుండా వాడావని కోర్టు నోటీసు వస్తుంది. నవ్వొస్తోంది కదా? చిప్పుల లోకంలో అచ్చంగా నాలుగు ఇన్‌స్ట్రక్షన్ల మీద కేసు నడిచింది. ఆ కథకి కాసేపట్లో వస్తాను.

1970ల్లో ప్రాసెసర్ డిజైన్ చేసేవాళ్లలో ఎక్కువమందిది ఒకే దారి. కొత్త చిప్పు అంటే పాతదానికంటే ఎక్కువ ఇన్‌స్ట్రక్షన్లు, మరింత క్లిష్టమైన ఇన్‌స్ట్రక్షన్లు. ఐబీఎంలో జాన్ కాక్ అనే ఆయన టీమ్ దీన్ని పట్టి చూసింది. ప్రోగ్రాములు ఎక్కువ భాగం కొన్ని సింపుల్ ఇన్‌స్ట్రక్షన్లతోనే నడిచిపోతున్నాయి. మిగతావి అటక మీద పెట్టిన ఇత్తడి గంగాళాల్లా ఎప్పుడో పండక్కి తప్ప దిగవు. అలాంటప్పుడు వాటి కోసం చిప్పులో అంత చోటు ఎందుకు?

ఇదే ఆలోచనని 1980 ప్రాంతంలో కాలిఫోర్నియాలో రెండు యూనివర్సిటీలు పట్టుకున్నాయి. బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ హెనెసీ. ప్యాటర్సన్ దీనికి రిస్క్ అని పేరు పెట్టారు. రిస్క్ అంటే ఇక్కడ ప్రమాదం కాదండోయ్. ఇన్‌స్ట్రక్షన్లు తగ్గించిన కంప్యూటర్ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల్లో మొదటి అక్షరాలు అవి. బర్క్‌లీలో స్టూడెంట్స్ కలిసి చేసిన రిస్క్-వన్ చిప్పులో ముప్పై పైచిలుకు ఇన్‌స్ట్రక్షన్లు, 44 వేల పైచిలుకు ట్రాన్సిస్టర్లు. దానికంటే ఎక్కువ ట్రాన్సిస్టర్లున్న కంపెనీ చిప్పులతో అది పోటీ పడింది. అంతకంటే ముఖ్యమైన సంగతి, స్టూడెంట్లు కూడా ప్రాసెసర్ చెయ్యగలరని అది లోకానికి చూపించింది.

ఆ పేపర్లు చదివినవాళ్లలో ఇంగ్లండ్‌లోని ఏకార్న్ అనే చిన్న కంపెనీ వాళ్లు ఉన్నారు. అక్కడి స్కూళ్ల కోసం బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ చేసింది వీళ్లే. తర్వాతి మెషీన్‌కి సరైన ప్రాసెసర్ కోసం వెతుకుతూ సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అమెరికాలోని ఫీనిక్స్‌కి వెళ్లారు. పెద్ద ఫ్యాక్టరీ చూస్తామనుకుని వెళితే, మామూలు బంగళాలో కొద్దిమంది కూర్చుని ప్రాసెసర్ డిజైన్ చేస్తున్నారు. వీళ్లు చెయ్యగలిగితే మనమెందుకు చెయ్యలేం అనుకుని తిరిగొచ్చారు. విల్సన్ ఇన్‌స్ట్రక్షన్ సెట్ రాశారు. ఫర్బర్ దాన్ని చిప్పుగా మలిచారు. 1985 ఏప్రిల్ 26న మొదటి ఆర్మ్ చిప్పు చేతికొచ్చింది, మొదటిసారే పనిచేసింది. ట్రాన్సిస్టర్లు సుమారు 25 వేలు. అదే ఏడాది ఇంటెల్ విడుదల చేసిన 80386లో 2,75,000.

ఇక్కడొక తమాషా. చిప్పు ఎంత కరెంటు తాగుతోందో చూద్దామని ఫర్బర్ మీటర్ పెడితే సున్నా చూపించింది. చిప్పు మాత్రం నడుస్తోంది! తీరా చూస్తే బోర్డు మీద చిప్పుకి కరెంటు లైనే కలవలేదు. పక్క సర్క్యూట్ల నుంచి సిగ్నల్ పిన్నుల గుండా లీకైన కాస్త కరెంటుతోనే అది నడిచేస్తోంది. ఇంత తక్కువ కరెంటు చాలడం మొబైల్ ఫోన్ల కోసం చేసింది కాదు. ఖరీదైన సిరామిక్ ప్యాకేజీ కాకుండా చవకైన ప్లాస్టిక్ ప్యాకేజీ వాడాలంటే చిప్పు వేడెక్కకూడదు, అందుకని జాగ్రత్తపడ్డారు. తర్వాత మొబైల్ కాలం వచ్చేసరికి రొట్టె విరిగి నేతిలో పడింది.

1990 నవంబర్‌లో ఏకార్న్, యాపిల్, వీఎల్ఎస్ఐ టెక్నాలజీ కలిసి ఆర్మ్‌ని వేరే కంపెనీగా పెట్టాయి. పన్నెండు మంది ఇంజినీర్లు, ఆఫీసేమో కేంబ్రిడ్జ్ దగ్గర పల్లెలో ఒక పాత ధాన్యపు కొట్టం. చిప్పులు తయారు చేసే డబ్బు లేదు కాబట్టి డిజైన్ అమ్ముదాం అనుకున్నారు. ముందు లైసెన్సు ఫీజు, తర్వాత అమ్ముడైన ప్రతి చిప్పు మీదా రాయల్టీ. 1997లో వచ్చిన నోకియా 6110లో ఉన్నది ఆర్మ్ ప్రాసెసరే. స్నేక్ గేమ్ మొదట వచ్చిన ఫోన్ అది. ఆ తర్వాత సంగతి మీ చేతిలోనే ఉంది.

ఇందులో తప్పేముంది, కష్టపడ్డారు, సంపాదించుకున్నారు అంటారా? నేనూ అదే అంటాను. వాళ్ల డిజైన్‌కి డబ్బు తీసుకోవడం న్యాయమే. నా ప్రశ్న వేరు. వాళ్ల డిజైన్ అక్కర్లేదు, నేనే సొంతంగా ఒక ప్రాసెసర్ గీసుకుంటాను, కానీ అదే భాష మాట్లాడేలా చేస్తాను అంటే? దానికీ లైసెన్సు కావాలి. ఇంటెల్ భాష అయిన ఎక్స్86 అయితే మరీ కష్టం. ఐబీఎం తన పీసీకి చిప్పులు ఇంకో కంపెనీ నుంచి కూడా దొరకాలని పట్టుబట్టడం వల్ల ఏఎండీకి ఆ తలుపు తెరుచుకుంది. అయినా 386 దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి మధ్యా గొడవ మొదలై, కోర్టుల్లో 1995 దాకా సాగింది.

ఇప్పుడు నాలుగు అక్షరాల కథ. స్టాన్‌ఫర్డ్ ప్రాజెక్టు నుంచి మిప్స్ అనే కంపెనీ పుట్టింది కదా. 1990ల చివర్లో లెక్స్రా అనే చిన్న కంపెనీ మిప్స్ భాష మాట్లాడే ప్రాసెసర్ డిజైన్ సొంతంగా చేసి అమ్మడం మొదలుపెట్టింది. ఆ భాషలో నాలుగు ఇన్‌స్ట్రక్షన్ల మీద మిప్స్‌కి పేటెంట్ ఉంది. మెమొరీలో సరిగ్గా గడుల్లో సర్దుకోకుండా, రెండు గడుల మధ్య అటూ ఇటూ పడిన డేటాని తీసుకురావడానికి, పెట్టడానికి వాడేవి అవి. అరుదుగానే పనికొస్తాయి. లెక్స్రా వాళ్లు తెలివిగా ఆ నాలుగూ వదిలేశారు. అవి ఎదురైతే మా చిప్పుకి తెలియదని ఆగిపోతుంది, కావాలంటే సాఫ్ట్‌వేర్‌తో ఆ పని చేయించుకోవచ్చు అన్నారు. మిప్స్ ఊరుకోలేదు. అలా సాఫ్ట్‌వేర్‌తో చేయించినా మా పేటెంట్‌ని తొక్కినట్టే అని కేసు వేసింది. 2001లో రాజీ కుదిరింది గానీ, లెక్స్రా ఆ తర్వాత ఎక్కువ కాలం నిలబడలేదు.

చూశారా? మాట దొంగిలించలేదు, అక్షరం పలకలేదు, అయినా కేసే. చిన్న కంపెనీకి కేసు గెలవడం ఓడడం తర్వాత సంగతి, అది నడుస్తుండగానే ఊపిరి ఆగిపోతుంది.

మరి ఎవరూ తలుపులు తెరవలేదా అంటే, తెరిచారు. స్పార్క్ అనే ఇన్‌స్ట్రక్షన్ సెట్ 1994లో ఐఈఈఈ స్టాండర్డ్ అయింది. యూరప్ అంతరిక్ష సంస్థలో యిరి గైస్లర్ దాని మీద లియోన్ అనే ప్రాసెసర్ చేసి, డిజైన్ సోర్స్ బయటపెట్టారు. 2000 ప్రాంతంలో ఓపెన్‌కోర్స్ వాళ్లు ఓపెన్‌రిస్క్ మొదలుపెట్టారు. 2006లో సన్ కంపెనీ ఏకంగా తన పెద్ద సర్వర్ చిప్పు అల్ట్రాస్పార్క్ టీ1 డిజైన్‌ని జీపీఎల్ కింద ఇచ్చేసింది. కానీ 2010లో సన్‌ని ఒరాకిల్ కొనేసింది. ఓనర్ మారితే ఊపు పోతుంది. ఇక ఓపెన్‌రిస్క్‌లో భాషా, దానితో చేసిన ఒక డిజైనూ ఒకదానికొకటి అంటుకుని ఉండేవి. పుస్తకం మంచిదే. కానీ దాని చుట్టూ పదిమంది పది రకాల పుస్తకాలు రాసుకునేంత విశాలమైన భాషగా అది ఎదగలేదు.

2010 వేసవి. మళ్లీ బర్క్‌లీ. క్రిస్టే అసనోవిచ్ అనే ప్రొఫెసర్, ఆయన స్టూడెంట్లు ఆండ్రూ వాటర్‌మన్, యున్సుప్ లీ. రీసెర్చ్ కోసం ఒక ఇన్‌స్ట్రక్షన్ సెట్ కావాలి. ఎక్స్86 చూస్తే మహా క్లిష్టం, పైగా లైసెన్సు దొరకదు. ఆర్మ్‌కి అప్పటికి 64 బిట్ వెర్షన్ లేదు. లైసెన్సు తీసుకున్నా తాము చేసిన డిజైన్‌ని వేరే యూనివర్సిటీ వాళ్లతో పంచుకోలేరు. సరే, మూడు నెలల్లో మనమే ఒకటి రాసుకుందాం అనుకున్నారు. మూడు నెలలు కాస్తా నాలుగేళ్లయింది. ప్యాటర్సన్ కూడా జతకలిశారు. బర్క్‌లీలో ఇది అయిదో రిస్క్ డిజైన్ కాబట్టి పేరు రిస్క్-ఫైవ్. ఇంగ్లీషులో వీ అక్షరంతో రాస్తారు, రోమన్ అంకె అయిదు అన్నమాట.

2011లో మాన్యువల్ నెట్‌లో పెట్టారు. కొన్నాళ్లకి ఒక విచిత్రం జరిగింది. క్లాసు కోసం భాషలో మార్పులు చేస్తుంటే, ఎక్కడెక్కడి వాళ్లో ఎందుకు మారుస్తున్నారని ఫిర్యాదులు చెయ్యడం మొదలుపెట్టారు. మా క్లాసు సంగతి మీకెందుకు అని ఆరా తీస్తే, బయటివాళ్లు అప్పటికే దాన్ని వాడేస్తున్నారు! అప్పుడు వీళ్లకి అర్థమైంది, ఇలాంటి దాని కోసం లోకం ఎంత ఆకలిగా ఉందో. 2014లో భాష మూల భాగాన్ని ఇక మార్చబోమని ఖాయం చేశారు. అదే ఏడాది అసనోవిచ్, ప్యాటర్సన్ కలిసి ఇన్‌స్ట్రక్షన్ సెట్లు స్వేచ్ఛగా ఉండాలని వాదిస్తూ ఒక పేపర్ రాశారు. 2015లో దీన్ని చూసుకోవడానికి ఫౌండేషన్ పెట్టారు. అంటే ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ ఇది లేదు. సన్‌కి పట్టిన గతి దీనికి పట్టకూడదనే.

ముందువాళ్లు ఓడిన చోట ఇది ఎందుకు గెలిచింది? నాకు మూడు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, మూల భాష చాలా చిన్నది, యాభైకి లోపు ఇన్‌స్ట్రక్షన్లు. గుణకారం కావాలా, దశాంశ లెక్కలు కావాలా, వెక్టర్ కావాలా, ఎవరికి ఏది కావాలో అది తగిలించుకోవచ్చు. వాషింగ్ మెషీన్ చిప్పుకీ సర్వర్ చిప్పుకీ ఒకటే అక్షరమాల. రెండు, భాషనీ డిజైన్‌నీ విడదీశారు. భాష అందరిదీ, డిజైన్ నీ ఇష్టం, ఉచితంగా పంచుకో, లేదా తాళం వేసి అమ్ముకో. అందుకే వ్యాపారులూ వచ్చారు. మూడు, సాఫ్ట్‌వేర్ తోడు. 2017లో జీసీసీ కంపైలర్‌లోకి, 2018 జనవరిలో లినక్స్ కర్నెల్‌లోకి ఇది చేరింది. సాఫ్ట్‌వేర్ లేని చిప్పు చదివేవాళ్లు లేని లిపి లాంటిది.

ఆ తర్వాత రాజకీయాలు కూడా దీనికి గాలి పోశాయి. 2019లో అమెరికా ఆంక్షలు రాగానే ఆర్మ్ కొంతకాలం చైనా కంపెనీ హువావేతో పనులు ఆపింది. లైసెన్సు అంటే ఒక కాగితం, ఆ కాగితం ఒక దేశం చట్టానికి లోబడి ఉంటుంది అని అందరికీ తెలిసొచ్చింది. 2020లో రిస్క్-ఫైవ్ సంస్థ స్విట్జర్లాండ్‌కి మారింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆర్మ్‌ని 4,000 కోట్ల డాలర్లకి కొంటానని ఎన్విడియా ప్రకటించింది. అంటే మిగతా చిప్పు కంపెనీలన్నీ రేపటి నుంచి తమ పోటీదారుడికే అద్దె కట్టాలి. పెద్ద గొడవై 2022 ఫిబ్రవరిలో ఆ బేరం రద్దయింది. ఇంకో విడ్డూరం చెప్పనా? నాలుగు ఇన్‌స్ట్రక్షన్ల కోసం కోర్టుకెక్కిన మిప్స్ కంపెనీ, 2021లో సొంత భాష పక్కనపెట్టి రిస్క్-ఫైవ్‌కి మారుతున్నానని ప్రకటించింది!

ఇప్పుడు మన సంగతి. 1980ల్లో మనం అమెరికా నుంచి క్రే సూపర్ కంప్యూటర్ కావాలని అడిగితే, అడిగిన మోడల్ ఇవ్వలేదు. దాంతో 1988లో పుణెలో సీ-డాక్ పెట్టి, 1991కి పరమ్ 8000 నిలబెట్టాం. గర్వపడాల్సిన విషయమే. కానీ అందులో వాడిన ప్రాసెసర్ ఇంగ్లండ్‌కి చెందిన ఇన్మోస్ కంపెనీ ట్రాన్స్‌ప్యూటర్. ఎన్నో చిప్పుల్ని ఒకదానికొకటి కలిపి ఒకే పని చేయించడానికి పుట్టిన గొప్ప డిజైన్ అది. ఇన్మోస్‌ని వేరే కంపెనీ కొనేసింది, తర్వాతి ట్రాన్స్‌ప్యూటర్ ఆలస్యమైంది, చివరికి ఆ వంశమే ఆగిపోయింది. మన పరమ్‌లు వేరే ప్రాసెసర్లకి మారాల్సి వచ్చింది. అరువు సొమ్ము బరువు చేటు అంటారే, ఇది అలాంటిదే. మన తప్పు లేకుండానే మనం నేర్చుకున్న భాష చచ్చిపోయింది.

ఈ పాఠం గుర్తుంటే, ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్ వి. కామకోటి టీమ్ చేసిన శక్తి ప్రాసెసర్ విలువ అర్థమవుతుంది. రిస్క్-ఫైవ్ భాషతో ప్రాసెసర్లు డిజైన్ చేసి, సోర్స్ అందరికీ ఇచ్చారు. 2018లో ఒక చిప్పుని అమెరికాలోని ఇంటెల్ ఫ్యాక్టరీలో 22 నానోమీటర్లలో వేయించి, దాని మీద లినక్స్ నడిపారు. అదే ఏడాది ఇంకోదాన్ని చండీగఢ్ పక్కన మొహాలీలో ఉన్న మన సెమీకండక్టర్ ల్యాబ్‌లో 180 నానోమీటర్లలో వేయించారు. ఆ ల్యాబ్ 1989లో అగ్నిప్రమాదంలో దెబ్బతిని మళ్లీ లేచిన ల్యాబ్. తిరువనంతపురం సీ-డాక్ వేగ అనే ప్రాసెసర్లు చేసింది. 2022 ఏప్రిల్‌లో కేంద్రం దీని కోసం డిర్-వి అనే కార్యక్రమం ప్రకటించింది. 2025లో ఇస్రో కోసం శక్తి ఆధారంగా చేసిన ఐరిస్ చిప్పు వచ్చింది. అదే ఏడాది విక్రమ్ 3201తో పాటు కల్పన 3201 అనే చిప్పు కూడా వచ్చింది. కల్పన భాష ఏంటో తెలుసా? ఇందాక చెప్పిన స్పార్క్. స్టాండర్డ్‌గా అందరికీ ఇచ్చేసిన భాష కాబట్టి, దాన్ని కన్న కంపెనీ పోయినా అది బతికి మన దగ్గరికి వచ్చింది. ఈ ఎపిసోడ్‌లో ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి.

అలాగని రిస్క్-ఫైవ్ వచ్చేసింది, ఇక అన్నీ ఫ్రీ అనే వీడియోలు చూసి మోసపోకండి. భాష ఫ్రీ, చిప్పు ఫ్రీ కాదు. రిస్క్-ఫైవ్ చిప్పుల్లో చాలావాటి డిజైన్ రహస్యమే. డిజైన్ టూల్స్ లైసెన్సులు ఖరీదు. ఫ్యాక్టరీ అంటే వేల కోట్లు. చిన్న సైజులో చిప్పులు వేసే ఫ్యాక్టరీలు లోకంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫోన్లలో మెయిన్ ప్రాసెసర్ ఇవాళ్టికీ ఆర్మే. ఎవరికి వాళ్లు తగిలింపులు పెట్టుకోవచ్చు కాబట్టి, భాష యాసలుగా చీలిపోయే ప్రమాదం కూడా ఉంది. అందుకే పెద్ద చిప్పుల్లో ఏమేం తప్పనిసరిగా ఉండాలో చెప్తూ 2024 అక్టోబర్‌లో ఆర్వీఏ23 అనే ప్రొఫైల్ ఖాయం చేశారు.

అయినా దారి మూసుకుపోలేదు. 2020లో గూగుల్, స్కైవాటర్ కలిసి 130 నానోమీటర్ ఫ్యాక్టరీ వివరాల్ని ఓపెన్‌గా ఇచ్చాయి. అంతవరకూ అలాంటివి చూడాలంటే మామూలుగా రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టాలి.

ఇక మీరు ఏం చెయ్యొచ్చు? ఈసీఈ, సీఎస్ఈ, పాలిటెక్నిక్, ఏదైనా సరే. ఈఎస్‌పీ32-సీ3 బోర్డు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది, అందులో ఉన్నది రిస్క్-ఫైవ్ కోరే. 2024లో వచ్చిన రాస్‌బెర్రీ పై పికో 2లో రెండు ఆర్మ్ కోర్లు, రెండు రిస్క్-ఫైవ్ కోర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఏ భాషలో నడవాలో మీరే ఎంచుకోవచ్చు. అందులోని రిస్క్-ఫైవ్ కోర్ పేరు హజార్డ్3, దాని సోర్స్ ఓపెన్. ఒకే ప్రోగ్రామ్‌ని రెండు భాషల్లోకీ కంపైల్ చేసి, వచ్చిన అసెంబ్లీని పక్కపక్కన పెట్టి చూడండి. అసలు బోర్డే అక్కర్లేదు, ఉచిత సిమ్యులేటర్లు ఉన్నాయి. రిస్క్-ఫైవ్ మాన్యువల్ ఫ్రీగా డౌన్‌లోడ్ అవుతుంది. మూల భాగం చదవడానికి ఒక వారం చాలు. ఆ వారం తర్వాత ప్రాసెసర్ అంటే నల్లటి డబ్బాలా అనిపించదు.

బర్క్‌లీలో రెండుసార్లూ ఈ పని చేసింది ప్రొఫెసర్లూ స్టూడెంట్లూ. కేంబ్రిడ్జ్‌లో చేసింది ఒక చిన్న టీమ్. చెన్నైలో చేసింది మన పిల్లలు. హైదరాబాద్‌లో వేలమంది చిప్పు డిజైన్ ఉద్యోగాలు చేస్తున్నారు, ఎక్కువగా వేరే దేశాల కంపెనీల చిప్పుల కోసం. పని తెలిసిన చేతులు మన దగ్గర ఉన్నాయి. ఇన్నాళ్లూ అడ్డంగా ఉన్న గోడల్లో కనీసం ఒకటి, భాష గోడ, ఇప్పుడు లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో మొహాలీ ల్యాబ్ కథ పూర్తిగా చెప్పుకుందాం. డౌట్లుంటే కామెంట్లలో అడగండి, ఒక్కొక్కటీ చదువుతాను.